రెండడుగులు ముందుకు

21 జూన్ 2002, శుక్రవారం

ఆట మనకు మధ్యాహ్నం పన్నెండింటికి. సగం రోజు సెలవు పెట్టి మారేడ్‌పల్లిలో తమ్ముడి ఇంటికి పోయాను. ఒక టీవీ, పదకొండు మంది మనుషులు. ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్, జపాన్‌లోని షిజువోకాలో బ్రెజిల్‌కీ ఇంగ్లండ్‌కీ. గదిలో ఇంగ్లండ్ వైపు ముగ్గురం. నేను ఇంగ్లండ్ వైపు ఉన్నది ఇంగ్లండ్ కోసం కాదు, డేవిడ్ సీమన్ కోసం. ఆయనకూ నాకూ ఒకే వయసు, ముప్పై ఎనిమిది. ఆయన ఇంకా గోల్‌లో నిలబడుతున్నాడు.

23వ నిమిషంలో బ్రెజిల్ డిఫెండర్ లూసియో తడబడ్డాడు, ఇంగ్లండ్‌కి మైకేల్ ఓవెన్ గోల్ కొట్టాడు. ఫస్ట్ హాఫ్ ఇంజురీ టైంలో రొనాల్డినో మైదానం మధ్యలోంచి బంతి తీసుకుని ఆష్లీ కోల్‌ని దాటి రివాల్డోకి అందించాడు. స్కోరు సమం.

50వ నిమిషం. కుడివైపు క్లెబర్సన్‌ని స్కోల్స్ పడేశాడు. ఫ్రీ కిక్. గోల్‌కి నలభై గజాలు అటూ ఇటూ. అంత దూరం నుంచి, అంత పక్క నుంచి ఎవరైనా చేసేది ఒక్కటే: బాక్స్‌లోకి క్రాస్. పొడుగు మనుషులంతా బాక్స్‌లో చేరారు. రొనాల్డినో నాలుగడుగులు వచ్చి కొట్టాడు. బంతి బాగా పైకి లేచింది. సీమన్ ముందుకొచ్చి ఉన్నాడు. అక్కడి నుంచి వెనక్కి, ఇంకా వెనక్కి, చెయ్యి పైకెత్తి. బంతి ఆయన తల మీదుగా దిగి దూరపు మూలలో, బార్ కింద వలలో పడింది.

తమ్ముడు "తుక్కా!" అని అరిచాడు. పక్కింటి పిల్లవాడు వెంటనే "తుక్కా ఎట్లయితదన్నా, కీపర్‌ని చూసి కొట్టిండు" అన్నాడు. గది రెండు ముక్కలైంది. నేనేమీ అనలేదు. బంతి లేచినప్పుడు కుర్చీ కింద నా కాళ్ళు కూడా ముందుకే కదిలాయి.

57వ నిమిషంలో డానీ మిల్స్‌ని తొక్కినందుకు రొనాల్డినోకి రెడ్ కార్డు. మిగిలిన అరగంటా పదిమందితో ఆడి బ్రెజిల్ 2-1తో గెలిచింది. ఆట ముగిశాక సీమన్ ఏడ్చాడు. టీవీ ఆయన ముఖం మీదే నిలబడింది. నేను వరండాలోకి వచ్చేశాను.

అదే రోజు, రాత్రి

1983. నాకు పంతొమ్మిదేళ్ళు, మా కాలేజీకి గోల్‌కీపర్ని. కాలేజీల పోటీ ఫైనల్, సికింద్రాబాద్‌లో గడ్డి లేని గ్రౌండు, డిసెంబరు ఎండ. ఇంకా ఎనిమిది నిమిషాలుంది, 0-0. కుడి అంచు దగ్గర వాళ్ళకు ఫ్రీ కిక్. కొట్టేవాడు రైల్వే క్వార్టర్స్ పిల్లాడు, ఎడమకాలి వాడు. క్రాస్ వస్తుందని, దాన్ని గాల్లోనే అందుకోవాలని రెండడుగులు ముందుకు వేశాను. బంతి నా వేళ్ళకు జానెడు పైనుంచి పోయింది. వెనక్కి తిరిగేసరికి వల కదులుతోంది. ఓడిపోయాం.

డ్రెస్ మార్చుకుంటుంటే మావాళ్ళంతా "తుక్కారా, వదిలెయ్" అన్నారు. నేనూ అదే అన్నాను. పంతొమ్మిదేళ్ళుగా అదే అంటున్నాను.

22 జూన్

ఇరానీ హోటల్లో పొద్దున్న చాయ్. నాలుగు టేబుళ్ళ మీద ఒకటే మాట. నా ఎదుట కూర్చున్న దర్జీ ఫుట్‌బాల్ ఎక్కువ చూడడు, క్యారమ్స్ మాత్రం మొహల్లాలో ఆయన్ని మించినవాడు లేడు. ఆయన తీర్పు: "సార్, క్యారమ్స్‌ల ఒక కాయిన్‌కి గురి పెడ్తె ఇంకో కాయిన్ పోయి పాకెట్‌ల పడ్తె దాన్నేమంటం? తుక్కా అంటం. పడ్డది పడ్డట్టె, పాయింటు పాయింటె. కని అది నీ నిషానా కాదు."

గోలీలాటలోనూ అంతే కదా. చిన్నప్పుడు మేం ఏ గోలీని కొడుతున్నామో ముందే చెప్పి కొట్టేవాళ్ళం. వేరే దానికి తగిలితే తప్పు. తెలుగులో ఈ లెక్కకు మాటలకు కొదవ లేదు: గాలివాటం, గుడ్డిదెబ్బ, కాకతాళీయం. కాకి వాలిందట, తాటిపండు రాలిందట. కాకి వాలడం నిజం, పండు రాలడం నిజం, మధ్యలో ఉన్న సంబంధమే అనుమానం. నిన్నటి గోల్‌లో కాకి ఎవరు, పండు ఏది అని దారంతా ఆలోచిస్తూ ఆఫీసుకు పోయాను.

23 జూన్

ఫుట్‌బాల్ రూల్సు ఎవరి మనసులోకీ చూడవు. బంతి మొత్తం గీత దాటితే గోల్. డైరెక్ట్ ఫ్రీ కిక్‌ని నేరుగా గోల్‌లోకి కొట్టవచ్చు. క్రాస్ అనుకుని కొట్టినా, షాట్ అనుకుని కొట్టినా ఒకటే. ఇన్‌డైరెక్ట్ అయితే ఇంకొకరిని తాకాల్సిందే. రిఫరీకి ఇంతవరకే పని. మరి నిన్నా మొన్నా మనమందరం చేస్తున్న విచారణ దేని కోసం? గోల్ ఉంటుందా పోతుందా అని కాదు. కొట్టినవాడికి మెచ్చుకోలు ఎంత, కీపర్‌కి నింద ఎంత అని. ఒకవైపు పెరిగితే రెండోవైపూ పెరుగుతుంది. 'తుక్కా' అంటే ఇద్దరూ తప్పించుకుంటారు. మావాళ్ళు నాకు ఆ రోజు ఇచ్చింది ఆ దయే.

24 జూన్, సోమవారం

సీమన్‌కి ఇది మొదటిసారి కాదు. 10 మే 1995, పారిస్‌లో కప్ విన్నర్స్ కప్ ఫైనల్. ఆర్సెనల్, రియల్ సరగోసా 1-1. ఎక్స్‌ట్రా టైం ఆఖరి నిమిషం, ఇంక పెనాల్టీలే మిగిలాయి. సెమీఫైనల్లో సంప్‌డోరియాతో పెనాల్టీల్లో సీమన్ మూడు ఆపి వచ్చాడు. సరగోసా వాళ్ళకు పెనాల్టీల దాకా పోవడం ఇష్టముంటుందా? కుడి అంచు దగ్గర నయీమ్‌కి బంతి దొరికింది. నలభై గజాల పైమాటే. బంతి ఒకసారి నేలకు పడి లేచింది, అతను ఎత్తి కొట్టాడు. సీమన్ గోల్‌గీతకు ముందున్నాడు. వెనక్కి పరిగెత్తి చెయ్యి పెట్టాడు, బంతి చేతిని ఒరుసుకుంటూ లోపల పడింది.

ఆ గోల్‌ని తుక్కా అన్నవాళ్ళు చాలా తక్కువ. ఎందుకని? బంతి ఆడుతూ ఉంది, బాక్స్‌లో క్రాస్ అందుకునే గుంపు లేదు. అతను గోల్ వైపు తప్ప ఇంకెక్కడికీ కొట్టే అవకాశం లేదు. కీపర్‌ని చూసే కొట్టానని నయీమ్ చెప్పాడు, అందరూ నమ్మారు. రొనాల్డినో విషయంలో అనుమానం పుట్టింది కాలి వల్ల కాదు, బాక్స్‌లో నిలబడ్డ గుంపు వల్ల. వాళ్ళు లేకుండా అదే బంతి అదే మూలలో పడితే మారేడ్‌పల్లిలో గొడవే లేదు.

25 జూన్

సాయంత్రం మేనల్లుణ్ణి తీసుకుని స్కూలు గ్రౌండుకు పోయాను. టేపుతో 35 మీటర్లు కొలిచి, కుడి పక్కగా సున్నంతో గుర్తు పెట్టాం. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. ఎదురుగా నిలబడితే గోల్ పెద్దదిగానే కనిపిస్తుంది. కుడి పక్కకు జరిగేకొద్దీ సన్నబడుతుంది. ఆ గుర్తు దగ్గర నిలబడి చూస్తే సగం తెరిచిన తలుపులా ఉంది.

లెక్క వేశాను. కొట్టినప్పుడు దిశ ఒక్క డిగ్రీ తప్పితే 35 మీటర్ల దగ్గర బంతి సుమారు 60 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఎత్తులోనూ అంతే. పైగా బంతి తిరుగుతుంది. తిరిగే బంతికి ఒక పక్క గాలి బిగుస్తుంది, ఇంకో పక్క సడలుతుంది, బంతి ఒరుగుతుంది. మన స్పిన్నర్ల బంతి గాల్లో డ్రిఫ్ట్ అయ్యేది కూడా ఇందువల్లే. బూటు రెండు వేళ్ళ మందం కిందికి తగిలితే ఎగిరే ఎత్తు మారిపోతుంది.

మేనల్లుడు గోల్‌లో నిలబడ్డాడు, నేను కొట్టాను. తర్వాత స్థానాలు మార్చాం. గోల్‌లో నిలబడగానే నాకు పాత భయం తిరిగొచ్చింది. బంతి లేచాక కీపర్‌కి ఉండేది దాదాపు రెండు సెకన్లు. మొదటి అర సెకను బంతి ఎక్కడికొస్తుందో కన్ను చెప్పదు. ఆ అర సెకనులో అడుగు వేయకపోతే క్రాస్ అందదు. వేస్తే, ఆ అడుగు వెనక్కి తీసుకోవడానికి రెండింతల సమయం కావాలి. మనిషి వెనక్కి నడిచేటప్పుడు ఎగరలేడు. సీమన్ ఎగరలేకపోయాడు. ఆయన ఏం తప్పు చేశాడు? అడుగు వేశాడు, అంతే. క్రాస్ వచ్చి ఉంటే ఆ అడుగే ఆయన్ని గొప్పవాణ్ణి చేసేది.

ఇవాళ్టికి నా తీర్పు, పెన్నుతో గట్టిగా రాస్తున్నాను: తుక్కా.

26 జూన్

సెమీఫైనల్, బ్రెజిల్ 1, టర్కీ 0. గోల్ రొనాల్డోది. సస్పెన్షన్ వల్ల రొనాల్డినో లేడు. పక్కింటి పిల్లవాడికి నిరాశ. "ఆయన ఉంటే ఇంకోటి కొట్టి సూపెట్టెటోడు" అన్నాడు.

వాడి మాటలో పాయింటుంది. ఇంకోసారి కొట్టి చూపిస్తే నైపుణ్యమని ఒప్పుకుంటాం. కానీ అంత దూరం నుంచి కొట్టే అవకాశం ఎన్నిసార్లు వస్తుంది? ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్‌లో ఒక్కసారి వచ్చింది.

30 జూన్, ఆదివారం

యొకొహామాలో ఫైనల్. జర్మనీ మీద రొనాల్డో రెండు గోల్స్. ఆలివర్ కాన్ అంతటి కీపర్ మొదటి గోల్‌కి బంతిని చేతిలోంచి జారవిడిచాడు. ఆట అయ్యాక గోల్‌పోస్టుకు ఆనుకుని కూర్చున్నాడు. ఈ నెలలో ఇద్దరు కీపర్ల ముఖాలు మర్చిపోలేకుండా ఉన్నాను.

17 అక్టోబర్ 2002, గురువారం

రాత్రి సౌతాంప్టన్‌లో ఇంగ్లండ్, మాసిడోనియా 2-2. ఆర్తిం షకీరి కొట్టిన కార్నర్ కిక్ ఎవరికీ తగలకుండా నేరుగా సీమన్ గోల్‌లో పడింది.

దక్షిణ అమెరికాలో ఇలాంటి దానికి ఒలింపిక్ గోల్ అని పేరు. 1924 అక్టోబర్ 2న బ్యూనస్ ఎయిరిస్‌లో అర్జెంటీనా ఆటగాడు సెసారియో ఒన్‌సారి ఉరుగ్వే మీద కార్నర్ నుంచి నేరుగా గోల్ కొట్టాడు. ఉరుగ్వే ఆ ఏడే పారిస్‌లో ఒలింపిక్ విజేత. అందుకే ఆ పేరు. కార్నర్ నుంచి నేరుగా కొడితే చెల్లుతుందని రూలు మార్చిందీ ఆ సంవత్సరమే. దాన్ని కూడా అప్పట్లో గాలి పనే అన్నవాళ్ళుండే ఉంటారు. తరవాత వచ్చిన కుర్రాళ్ళు అదే పనిగా సాధన చేసి కార్నర్ల నుంచి గోల్స్ కొట్టడం మొదలుపెట్టారు.

14 ఏప్రిల్ 2003, సోమవారం

నిన్న ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్. సీమన్‌కి వెయ్యో ఆట. ఆర్సెనల్ 1-0తో ముందుంది. షెఫీల్డ్ యునైటెడ్ ఆటగాడు పెస్కిసోలిడో గోల్‌కి అతి దగ్గర్నుంచి తలతో కొట్టాడు. ఖాళీ గోల్. సీమన్ వెనక్కి, కుడివైపుకు ఒరిగి, గీత మీద బంతిని ఒంటిచేత్తో లాగి బయటపడేశాడు. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి, వెనక్కి పోతూనే. తాను చూసినవాటిలో ఇదే గొప్ప సేవ్ అని పీటర్ ష్మైకేల్ అన్నాడు.

దీన్ని ఎవరూ తుక్కా అనలేదు. అనకూడదు కూడా. కానీ నాకు తెలుసు, అలాంటి క్షణంలో కీపర్ ఏదీ నిర్ణయించుకోడు. ఇరవై ఏళ్ళ సాధన చేతిని పంపిస్తుంది, వేళ్ళు బంతికి తగలడం మాత్రం వేళ్ళదే. ష్మైకేల్ కూడా కీపరే కాబట్టి ఈ సంగతి తెలిసే అంత మాటన్నాడు.

18 మే 2003

నిన్న కార్డిఫ్‌లో కప్పు ఎత్తింది సీమనే. ఆర్సెనల్ 1, సౌతాంప్టన్ 0. ఆయనే కెప్టెన్. మాసిడోనియా ఆట తరవాత ఇంగ్లండ్ ఆయన్ని మళ్ళీ ఆడించలేదు. 75 ఆటల దగ్గర ఆగింది.

సెప్టెంబర్ 2010

బ్రెజిల్ ఆటగాడు రొబెర్టో కార్లోస్ గోల్ మీద ఫ్రాన్స్ భౌతికశాస్త్రవేత్తలు పరిశోధన పత్రం వేశారు. 3 జూన్ 1997, లియాన్‌లో ఫ్రాన్స్ మీద కొట్టిన ఫ్రీ కిక్. 35 మీటర్లు. బంతి గోడ కుడివైపు నుంచి ఎంత బయటికి పోయిందంటే గోల్ పక్కన ఉన్న బాల్‌బాయ్ తల వంచుకున్నాడు. అక్కడి నుంచి తిరిగి వచ్చి పోస్టుకు తగిలి లోపల పడింది. కీపర్ బార్తెజ్ కదలనేలేదు. అప్పుడు కూడా గాలి పనే అన్నారు.

వీళ్ళు చెప్పేది: తిరుగుతూ పోయే బంతికి వేగం తగ్గుతుంది గానీ తిరుగుడు అంతగా తగ్గదు. అందుకే దారి ఒకే వంపులో ఉండదు, చివరికి పోయేకొద్దీ ఇంకా బిగుస్తుంది, నత్తగుల్ల చుట్టులా. దగ్గర నుంచి కొడితే ఆ బిగువు కనిపించేలోపే బంతి గోల్ చేరుతుంది. దూరం ఉంటేనే బయటపడుతుంది. గట్టిగా, తగినంత తిప్పుతో, తగినంత దూరం నుంచి కొడితే ఎవరికైనా మళ్ళీ వస్తుంది.

మరి 25 జూన్ 2002న నేను 'తుక్కా' అని గట్టిగా రాసినప్పుడు ఇంత వివరంగా ఆలోచించానా? లేదు. దూరం ఎక్కువైతే అదృష్టం పాలు ఎక్కువని లెక్క కట్టాను. దూరం ఎక్కువైతే బంతి చేసే పని కూడా ఎక్కువే. ఆ వాక్యాన్ని కొట్టెయ్యలేదు, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

3 నవంబర్ 2013, ఆదివారం

నిన్న స్టోక్ గోల్‌కీపర్ బెగోవిచ్ ఆట మొదలైన 13వ సెకనుకే గోల్ కొట్టాడు. తన బాక్స్ దగ్గర్నుంచి దూరంగా తన్నాడు, గాలి తోడైంది, బంతి సౌతాంప్టన్ బాక్స్ ముందు నేలకు పడి, లేచి, కీపర్ బోరుట్స్ తల మీదుగా లోపలికి. (ఆ దూరం 91.9 మీటర్లని తరవాత గిన్నిస్‌లోకి ఎక్కింది.)

బెగోవిచ్ సంబరం చేసుకోలేదు. అవతలి కీపర్‌ని చూసి బాధపడ్డాడు. ఇది గాలివాటమే, కొట్టినవాడే ఒప్పుకున్నాడు. బోరుట్స్ బాధ ఎలా ఉంటుందో ఆ స్టేడియంలో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు బెగోవిచే. గోల్ కొట్టి తల దించుకున్న మనిషిని నేను ఇంతకుముందు చూడలేదు.

6 జూలై 2015, సోమవారం

తెల్లారుజామున నాలుగున్నరకు లేచాను. వాంకూవర్‌లో మహిళల ప్రపంచకప్ ఫైనల్, అమెరికా, జపాన్. కార్లీ లాయిడ్ పదహారు నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టింది. మూడోది మధ్య గీత దగ్గర నుంచి. జపాన్ కీపర్ కైహోరి ముందుకొచ్చి ఉంది. వెనక్కి పోతూ తడబడి చెయ్యి అందించింది, బంతి వేళ్ళకు తగిలి పోస్టుకు కొట్టుకుని లోపల పడింది. చివరికి 5-2.

కాఫీ కలుపుతూ మా అమ్మాయి అడిగింది: "నాన్నా, అది లక్కా?"

"ఆమె బంతి తీసుకోగానే ఎటు చూసిందో గమనించావా?" అన్నాను.

"గోల్ వైపు చూసింది."

"కీపర్ ఎక్కడుందో చూసింది. అలాంటి కిక్కులు ముందే సాధన చేసి పెట్టుకుంది. ఫైనల్లో ఆ క్షణం వచ్చినప్పుడు ఆలోచించే పని లేకుండా పోయింది."

"మరి వేళ్ళకు తగిలి పోస్టుకు కొట్టుకోవడం?"

దానికి నా దగ్గర జవాబు లేదు. అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. కైహోరి వేళ్ళు ఇంకో రెండు సెంటీమీటర్లు పైన ఉంటే బంతి బయటికి పోయేది, లాయిడ్ చూపు మాత్రం అదే చూపు.

14 జూన్ 2021, సోమవారం

లాక్‌డౌన్. సాయంత్రం ఆరున్నరకు యూరో ఆట, గ్లాస్గోలో స్కాట్లండ్ మీద చెక్ రిపబ్లిక్. పాట్రిక్ షిక్ మధ్య గీతకు కాస్త ముందు నుంచి ఎడమకాలితో, ఆగకుండా. 45 మీటర్లకు పైనే. స్కాట్లండ్ కీపర్ మార్షల్ బాగా ముందుకొచ్చి నిలబడి ఉన్నాడు. వెనక్కి పరిగెత్తి చివరికి బంతితో పాటు తానూ వలలో పడ్డాడు. కీపర్ పైకి వచ్చి నిలబడతాడని ఫస్ట్ హాఫ్‌లోనే గమనించానని షిక్ చెప్పాడు.

ఎవరూ తుక్కా అనడం లేదు. నయీమ్ లాగే బాక్స్‌లో గుంపు లేదు. ఇంతమంది కీపర్లు, ఒకే అడుగు. మార్షల్ ముందుకు నిలబడ్డది తప్పు కూడా కాదు. ఇప్పటి ఆటలో కీపర్ డిఫెండర్ల వెనక ఖాళీని కాపలా కాయాలి, వాళ్ళతో పాస్‌లు ఆడాలి. ఆ పని కోసం గోల్ వదిలితే మీద ఆకాశం మిగులుతుంది.

12 నవంబర్ 2022

ఇవాళ రొనాల్డినో మాటలు చదివాను. సీమన్ గోల్ వదిలి ముందుకొస్తాడని జట్టులోని కఫూ తనకు ముందే చెప్పాడట. గోల్‌కే కొట్టాడట. కానీ నిజం చెప్పాలంటే ఆ మూలకి కాదు, ఇంకోవైపుకి గురి పెట్టాడట.

చాలాసేపు ఆ పేజీ అలాగే చూస్తూ కూర్చున్నాను. ఇరవై ఏళ్ళుగా ఈ వాదనలో రెండే గుంపులు: క్రాస్ అన్నవాళ్ళు, షాట్ అన్నవాళ్ళు. మారేడ్‌పల్లిలో గొంతు చించుకున్న పదకొండు మందిలో ఒక్కడికీ ఈ మూడో సంగతి తట్టలేదు. చూశాడు. కొట్టాలనుకున్నాడు. గోల్‌కే కొట్టాడు. తప్పిపోయి, మంచిచోట పడింది.

నా పాత లెక్క మళ్ళీ తీశాను. ఒక వైపు గురి పెడితే ఇంకోవైపు పడడమంటే పక్క కోణంలో అయిదారు మీటర్ల తేడా, ఎనిమిది డిగ్రీల పైన. అంత గొప్ప కాలికి అది చిన్న తప్పు కాదు. అయితే సీమన్ గీత మీదే ఉంటే ఆ తప్పు తప్పుగానే మిగిలేది, చేతిలో పడేది. తప్పు తన్నులో ఉంది, అది గోల్ కావడానికి చోటు సీమన్ దగ్గర ఉంది, ఆ చోటుందని కనిపెట్టింది కఫూ. దర్జీ గారుంటే ఇది చెప్పి ఏమంటారో వినాలని ఉంది. ఆయన పోయి నాలుగేళ్ళు.

30 డిసెంబర్ 2022, శుక్రవారం

పెలే పోయాడు. పొద్దుట్నుంచీ టీవీలన్నీ ఆయన గోల్సే. నాకు మాత్రం గోల్ కానిదే గుర్తొస్తోంది. 1970 ప్రపంచకప్, గ్వాదలహారా, చెకొస్లొవేకియా మీద. పెలే తన సగంలోంచే, మధ్య గీత దాటకుండానే, కీపర్ ఇవో విక్టర్ ముందుకొచ్చాడని చూసి కొట్టాడు. విక్టర్ పడుతూ లేస్తూ వెనక్కి పరిగెత్తాడు. బంతి పోస్టు పక్కనుంచి బయటికి పోయింది.

యాభై ఏళ్ళుగా జనం దాన్ని చెప్పుకుంటున్నారు. పెలే అనుకుని కొట్టాడని ఒక్కడూ సందేహించలేదు. లోపల పడి ఉంటే? ఏ హోటల్లోనో ఎవరో ఒకరు తుక్కా అనేవారే. తప్పిపోయినందుకు ఆ చూపుని అందరూ నమ్మారు. రొనాల్డినోది లోపల పడ్డందుకు సగంమంది నమ్మలేదు.

17 ఫిబ్రవరి 2023

ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం నిన్న కన్నుమూశారు, కోల్‌కతాలో. అమ్ముగూడ పిల్లాడు. మా బొల్లారం నుంచి నడిచి వెళ్ళేంత దూరం. రెండు ఒలింపిక్స్ ఆడారు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నారు. ఆ జట్టు కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్.

మా వీధి చివర ఎనభై ఆరేళ్ళ పెద్దాయన ఉన్నారు. చిన్నప్పుడు ఆ ఆటలన్నీ గ్రౌండు గోడెక్కి చూసినవారు. సాయంత్రం వెళ్ళి కూర్చున్నాను. రహీం సాబ్ పిల్లలకు ఉత్త బలహీనమైన కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారని, బంతిని కాళ్ళ దగ్గర ఆడించకూడదనే రూలుతో ఇంకో పోటీ పెట్టేవారని చెప్పారు. "మంచి కాలుతోని కొడ్తె గోల్ ఇచ్చెటోళ్ళు కాదు బిడ్డా. ఎడమకాలు పని జెయ్యాలె." బలరాం ఆట గురించి అడిగితే, బంతి రాకముందే తల తిప్పి చూసుకునేవాడన్నారు. బంతి వచ్చాక చూసేవాళ్ళు వేరు, ముందే చూసి పెట్టుకునేవాళ్ళు వేరు.

షిజువోకా గోల్ సంగతి ఆయనకు చెప్పాను. ఆయన చూడలేదు. మొత్తం విని ఒక్కటే అడిగారు: "కొట్టక ముందు తలెత్తి చూసిండా?"

చూశాడన్నాను.

"మరింకేంది."

5 మార్చి 2023, ఆదివారం

పాత ఆటగాళ్ళంతా కలిసి సరదా ఆట పెట్టుకున్నారు. పిలిచారు, వెళ్ళాను. ఆడలేదు, మోకాలు. గ్రౌండ్ అదే. ఇప్పుడు గడ్డి ఉంది. గోల్‌పోస్టులకు తెల్ల రంగు వేశారు.

చాయ్ దగ్గర ఒకాయన వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. జుట్టంతా పోయింది, అయినా నడక వల్ల గుర్తుపట్టాను, ఎడమపాదం కాస్త బయటికి పడే నడక. రైల్వే క్వార్టర్స్ పిల్లాడు. నలభై ఏళ్ళు. రైల్వేలోనే చేసి రిటైరవబోతున్నారట, ఇద్దరు మనవలట.

నేనే కదిపాను. "ఆ ఫ్రీ కిక్ గురించి ఒకటి అడగాలన్నా. 1983 ఫైనల్. క్రాసా, షాటా?"

"ఏ ఫ్రీ కిక్?"

చెప్పాను. కుడి అంచు, ఎనిమిది నిమిషాలు మిగిలాయి, 0-0. ఆయన చాలాసేపు ఆలోచించారు. నిజంగానే గుర్తు లేదు. మర్యాదకు కూడా గుర్తున్నట్టు నటించలేదు, అది నాకు నచ్చింది. "నాకు గుర్తున్నది వేరే," అన్నారు. "దానికి ముందటి సంవత్సరం లీగ్ ఆటల నా పెనాల్టీ ఆపినవ్. రాత్రంత నిద్ర పట్టలె. నువ్వు అటు దూకుతుంటివి, బంతి నీ కాలికి తాకి పోయింది. తుక్కా ఆపినవన్నా."

నేను గట్టిగా కాదన్నాను. అది తుక్కా కాదు. కొట్టే ముందు ఆయన కుడిపాదం ఎటు తిరిగి నేల మీద పడిందో చూశాను. ఎడమకాలి వాళ్ళు అలా పాదం మోపితే బంతి నా కుడికి రావాలి. కుడికి దూకాను. చేతికి రావాల్సింది కాలికి వచ్చింది, అంతవరకే. చూశాను, దూకాను, ఆపాను. ఇదంతా ఆయనకు చాయ్ చల్లారేదాకా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "అట్లనా," అన్నారు. "నలభై ఏండ్లు నేను తుక్కా అనుకున్న."

ఇంటికొచ్చి ఈ నోట్‌బుక్ తీశాను. 25 జూన్ 2002 కింద గట్టిగా రాసిన మాటను కొట్టేసి, దాని పైన ఇది రాశాను: రొనాల్డినో చూసే కొట్టాడు. గోల్‌కే కొట్టాడు. ఆ మూలకి కాదు. సీమన్ రెండడుగులు ముందున్నాడు. 1983లో నేనూ రెండడుగులు ముందున్నాను.